సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు: రంగు తెర మాత్రమే వస్తోందన్న సమస్యకు సమాధానం

ఆట మొదలవ్వక తెర ఒకే రంగులో నిలిచిపోతే చిప్‌లు పోయాయేమో అనిపిస్తుంది. మీ చిప్‌లు పోలేదండీ, కంగారు పడకండి. 1993 నాటి ఈ క్యాప్‌కామ్ సీపీఎస్-2 (ఆర్కేడ్ గేమ్ యంత్రాల వ్యవస్థ) బోర్డులో గేమ్ ప్రోగ్రామ్ గూఢలిపిలో ఉంటుంది. దాన్ని విప్పే 20 బైట్ల తాళం (అంటే కీ, ఒక రహస్య సంఖ్య) బి-బోర్డు (గేమ్ ఉండే బోర్డు) మీది 3.6 వోల్టుల లిథియం బ్యాటరీతోనే బతుకుతుంది. బ్యాటరీ చచ్చిందంటే తాళం చెరిగిపోయి, తెర ఒకే రంగులో నిలిచిపోతుంది.

అయినా ముందు జామా కనెక్టర్ (బోర్డును ఆర్కేడ్ యంత్రం వైర్లకు కలిపేది) దగ్గరే 5 వోల్టులు కొలవండి. పవర్ సప్లై దగ్గర సరిగ్గా ఉన్నా, సన్నటి వైర్లలో కొంత వోల్టేజీ పడిపోతుంది. అది బాగుంటే, పాత బ్యాటరీ తీసేసి, కారిన మరకలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కాళ్లున్న కొత్త హాఫ్-ఏఏ (ఏఏ సైజులో సగం పొడవుండే) బ్యాటరీని టంకం వేయండి. తర్వాత చిన్న మైక్రోకంట్రోలర్‌తో (ప్రోగ్రామ్ చేయగల చిన్న చిప్‌తో) బి-బోర్డు మీది సీఎన్9 కనెక్టర్ ద్వారా తాళం మళ్లీ ఎక్కించాలి. ఈ పద్ధతి 2016లో బయటికొచ్చింది.

తాళం దేశాన్ని బట్టి మారుతుంది. బోర్డు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఆకుపచ్చదైతే జపాన్, నీలమైతే అమెరికా లేదా యూరప్, బూడిదైతే ఆసియా. లోపలి బోర్డు మార్చి ఉండొచ్చు, కాబట్టి చిప్‌ల లేబుళ్లు కూడా చూడండి.

ఫీనిక్స్ రోమ్‌లు (తాళం అక్కర్లేకుండా నడిచేలా మార్చిన గేమ్ చిప్‌లు) మాత్రం వేయొద్దు. వాటిలో ప్రోగ్రామ్ మార్చేసి ఉంటుంది, ఏ తేదీ వెర్షనో చెప్పే అసలు ఆధారం మీ బోర్డులోంచి పోతుంది.