దానిమ్మకు మొగ్గ ఏ నెలలో రావాలి?

ప్రశ్న: జనగామ దగ్గర చెల్క నేలలో భగువా రకం దానిమ్మ వేశాను. ఏటా జూన్ వానలకు పూత తెప్పిస్తున్నాను. ఆగస్టుకల్లా పిందెల మీద నల్లమచ్చలు లేచి కాయలు పగులుతున్నాయి. ఆపిల్‌లో బ్యాక్టీరియా పువ్వులోంచే చెట్టులోకి దిగుతుందని చదివాను. మొగ్గ దశలోనే మందు కొడితే నా తోట దక్కుతుందా సార్?

జవాబు: ఆపిల్ సంగతి వేరండీ. అక్కడ ఫైర్ బ్లైట్ అనే తెగులు తెచ్చే బ్యాక్టీరియా విచ్చిన పువ్వు కీలాగ్రం మీద పెరుగుతుంది. మొగ్గ మూసి ఉన్నంతకాలం ఆ చోటు దానికి అందదు. వానో మంచో తడిపితే తేనె ఊరే చోటు నుంచి లోపలికి పోతుంది. అందుకే వాళ్లు పూత విచ్చే రోజులు చూసుకుని మందు కొడతారు. మీ తోటలోది జాంథోమోనాస్ అనే వేరే బ్యాక్టీరియా. ఆకు మీది సూక్ష్మరంధ్రం, కత్తెర గాటు, పురుగు చేసిన గాయం, ఏదైనా దానికి దారే. చినుకు చిమ్మితే పక్క కొమ్మకు పాకుతుంది.

కాబట్టి మీరు అడగవలసింది మొగ్గకు ఏ మందు అని కాదు, మొగ్గ ఏ నెలలో రావాలని. జూన్‌లో పూత తెప్పిస్తే లేత పిందెలు సరిగ్గా జులై, ఆగస్టు ముసురుకు దొరుకుతాయి. ఆ తడిలో ఏ మందూ ఆకు మీద నిలవదు. దుకాణదారు ఇంకో డబ్బా చేతిలో పెడతాడు, అంతే. జనవరిలో నీళ్లు కట్టి పూత తెప్పించే అంబే బహార్‌లోనూ (బహార్ అంటే పూత కాలం) కాయ పక్వానికి వచ్చేసరికి తొలకరి పడుతుంది.

మీకు తగినది హస్త బహార్. వానలు వెనక్కి తగ్గాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో పూతకు తెస్తే కాయ పొడి నెలల్లో పెరుగుతుంది. చిక్కల్లా నేల తడే. నీరు అందక చెట్టు వాడు పట్టి ఆకు రాల్చనిదే మొగ్గ రాదు. రేగడిలో ఇది కష్టం, మీ చెల్కలో నీరు త్వరగా దిగిపోతుంది కనుక వీలవుతుంది. ఆకు రాలకపోతే లీటరు నీటికి ఆకు రాల్చే మందు ఇథెఫాన్ 2 నుంచి 2.5 మి.లీ., డీఏపీ 5 గ్రాములు కలిపి పిచికారీ చేయండి. కొమ్మలు కత్తిరించిన రోజే 1 శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపినది) కొట్టాలి. కత్తెరను చెట్టు చెట్టుకూ క్రిమిసంహారక ద్రావణంలో ముంచాలి. కూలీలు విసుక్కున్నా వదలకండి.

ఈ ఏటి మచ్చకాయలు కోసి తగలబెట్టండి. మిగిలినవి దించాక వచ్చే సెప్టెంబరు దాకా పూత కోసం చెట్టును కదపవద్దు. ఒక కాపు పోతుంది, పోనివ్వండి. తర్వాత పూత విడతలు విడతలుగా వస్తే మొదటి విడత ఉంచి, ఆలస్యపు మొగ్గలు గిల్లేయండి. లేకుంటే తోటలో ఎప్పుడూ ఏదో ఒక లేత పిందె ఉండి, తెగులుకు మేత తెగదు.