పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్‌లో పోయే వేడి అంతా వృథాయేనా?

కాదు, ఆ వేడిలో కొంత నిజంగా అవసరం, అందుకే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దాన్ని కావాలనే పెంచుతారు, మరీ ఎక్కువైతే తగ్గిస్తారు.

పెట్రోల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతు ఎగ్జాస్ట్ గుండా బయటికి పోతుంది. అయితే పొగలోని విషవాయువులను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250-300 డిగ్రీల సెల్సియస్‌కి చేరేదాకా సరిగ్గా పనిచేయదు కాబట్టి, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ (ఈసీయూ) ఆర్‌పీఎం పెంచి, స్పార్క్‌ను కాస్త ఆలస్యంగా ఇస్తుంది. దాంతో మంట ఆలస్యంగా ముగిసి, పిస్టన్‌ను తోయాల్సిన వేడిలో కొంత నేరుగా కన్వర్టర్‌కి చేరుతుంది. కాసేపు పెట్రోల్ ఎక్కువే తాగుతుంది, కానీ తప్పదు. చిన్న ట్రిప్పులో వచ్చే కాలుష్యంలో పెద్ద భాగం ఈ మొదటి ఒకటి రెండు నిమిషాలదే.

హైవే మీద సమస్య తిరగబడుతుంది. ఫుల్ లోడ్‌లో ఎగ్జాస్ట్ 900 డిగ్రీలు దాటిపోతే టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం), కన్వర్టర్ దెబ్బతింటాయని చాలా ఇంజిన్లు అదనంగా పెట్రోల్ పంపి చల్లబరుస్తాయి, మైలేజీ పడిపోయేది అక్కడే. మన దగ్గర ఎకోస్పోర్ట్‌లో వచ్చిన ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్‌లో సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోట చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోతపోశారు, చుట్టూ కూలెంట్ తిరుగుతుంది కాబట్టి ఆ అదనపు పెట్రోల్ అవసరం తగ్గుతుంది, పైగా చల్లటి ఇంజిన్ కూడా త్వరగా వేడెక్కుతుంది.

చాలామంది పొద్దున్నే అయిదు పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే మంచిదనుకుంటారు. అది పొరపాటు. ఐడిల్‌లో పుట్టే వేడి తక్కువ. అర నిమిషం ఆగి, నెమ్మదిగా నడిపితేనే ఇంజిన్, కన్వర్టర్ రెండూ తొందరగా వేడెక్కుతాయి.