డాక్టర్ సలహా: షుగర్, బీపీ ఉన్నాయి.. జపాన్‌లో వేడి నీటి బుగ్గల సత్రానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు, నా వయసు 61. షుగర్ వచ్చి 14 ఏళ్లు, బీపీ 8 ఏళ్లు. పొద్దున, రాత్రి తినే ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, పొద్దున ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ కలిసిన మాత్ర వేస్కుంటాను. అరికాళ్లు తిమ్మిర్లు, ఒక్కోసారి కాలి చెప్పు జారిపోయినా తెలీదు. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం, డిసెంబర్‌లో మమ్మల్ని రెండు నెలలకి రమ్మంటున్నాడు. హకోనే గానీ కుసాట్సు గానీ తీసుకెళ్లి ర్యోకాన్ అని పాతకాలం సత్రంలో రెండు రాత్రులు ఉంచుతాడట, అక్కడ బుగ్గ నీళ్లల్లో కూర్చుంటే మోకాళ్ల నొప్పులు పోతాయంటున్నాడు. మా వారు వద్దే వద్దంటున్నారు. నేను పదేళ్ల కింద బదరీనాథ్ తప్తకుండంలో స్నానం చేశాను, ఏమీ కాలేదు. వెళ్లొచ్చా? తాళి, మెట్టెలు తీసేయాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మీకూ మీ వారికీ మనసు కుదుటపడుతుంది. షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన ఆ నీళ్లల్లోకి దిగకూడదని ఏం లేదు, అదుపులో ఉంటే చాలు. కానీ మీరు మామూలుగా రాసేసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. చెప్పు జారిపోయినా తెలీదు అన్నారు చూడండి, అది. మీ వారు బీపీ గురించి భయపడుతున్నారేమో, నాకు మాత్రం మీ అరికాళ్ల గురించే ఎక్కువ భయం.

చాలా ఏళ్లుగా షుగర్ ఉంటే కాళ్లలో నరాలు దెబ్బతింటాయి, దాన్నే న్యూరోపతీ అంటాం. చెప్పు జారింది తెలియని కాలికి నీళ్లు కాలుతున్నాయని కూడా తెలీదు. మా దగ్గరికి ఏటా చలికాలంలో ఇలాంటి వాళ్లు వస్తూనే ఉంటారు, కాళ్లు లాగుతున్నాయని బకెట్‌లో వేడి నీళ్లు పోసి గుప్పెడు ఉప్పేసి అరగంట కాళ్లు పెట్టుకుంటారు, హాయిగానే ఉందండీ అంటారు, తెల్లారి చూస్తే అరికాలు మొత్తం బొబ్బలు. అది పుండై, మానక, వేలు తీసేయాల్సి వచ్చిన వాళ్లని కూడా చూశాను. అందుకే చెప్తున్నా, జపాన్‌లో మీకు ఎవరో ఒకరు, పూర్తిగా దిగొద్దులెండి కాళ్లు మాత్రం పెట్టుకోండి ఏం కాదు అంటారు. అక్కడ అషియు అని రోడ్డు పక్కన, స్టేషన్ల దగ్గర కాళ్లు పెట్టుకునే చిన్న తొట్లు ఉంటాయి, అందరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. వేరే వాళ్లకి అది సేఫ్, మీకు మాత్రం ముందు మోచేత్తో నీళ్లు చూస్కుని, చెయ్యికి ఓర్చుకునే వేడి ఉంటేనే, అదీ ఐదు నిమిషాలే. మీ వారి చేత్తో చూపించుకుంటే ఇంకా మంచిది.

ఇంకో రెండు వస్తువులు కూడా గుర్తుపెట్టుకోండి. చలికి అక్కడందరూ కైరో అని వేడి ప్యాకెట్లు ఒంటికి అంటించుకుంటారు, సాక్సుల్లో పెట్టుకునేవి కూడా అమ్ముతారు, మీరు పాదాలకి అస్సలు వాడొద్దు. కోటాట్సు అని కింద హీటర్ ఉండి చుట్టూ దుప్పటి కప్పిన బల్ల ఉంటుంది, దాని కింద కాళ్లు పెట్టి నిద్రపోవద్దు. తక్కువ వేడైనా గంటల తరబడి ఒకే చోట తగిలితే చర్మం లోపల్లోపల కాలుతుంది.

ఇక తప్తకుండం సంగతి. అక్కడ మీరు ఏం చేసుంటారు, చెంబుతో పోస్కుని, రెండు మూడు మునకలేసి, దర్శనానికి టైమైందని గబగబా బయటికొచ్చేసుంటారు. ర్యోకాన్‌లో అలా కాదు. అక్కడ ఒళ్లంతా సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలోకి దిగాలి, దిగాక మెడ దాకా మునిగి కదలకుండా కూర్చోవడమే. నీళ్లు మామూలుగా 40 నుంచి 42 డిగ్రీలు ఉంటాయి. ఆ వేడికి చర్మం కింద రక్తనాళాలన్నీ విచ్చుకుంటాయి, బీపీ తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. మీరు వేస్కునే ఆమ్లోడిపిన్ చేసే పని కూడా రక్తనాళాలు విచ్చుకునేలా చేయడమే, అంటే మాత్ర, నీళ్లు రెండూ ఒకే వైపు లాగుతున్నాయన్నమాట. నీళ్లల్లో ఉన్నంతసేపూ చుట్టూ ఉన్న నీళ్ల ఒత్తిడి ఒంటికి దన్నుగా ఉంటుంది కాబట్టి బానే ఉంటుంది, చటుక్కున లేచి నిలబడితే రక్తం కాళ్లల్లోకి దిగిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. కింద తడిసిన రాతి పలకలు. పడితే తుంటి ఎముకే.

డిసెంబర్ అన్నారు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. బట్టలు మార్చుకునే గది చల్లగా ఉంటుంది, ఆరుబయట తొట్టి అయితే గడ్డకట్టే గాలిలోంచి నడిచి వేడి నీళ్లల్లోకి దిగాలి. చలికి బీపీ పెరిగి, వేడికి దిగజారి, మళ్లీ బయటికి రాగానే పెరుగుతుంది. చలికాలంలో స్నానాల తొట్లలో స్పృహ తప్పి చనిపోయే పెద్దవాళ్లు జపాన్‌లో చాలా మంది ఉంటారు, అది ఆ దేశానికి పెద్ద సమస్య, అక్కడి ప్రభుత్వ వినియోగదారుల సంస్థే నీళ్లు 41 డిగ్రీలు దాటనీయొద్దు, 10 నిమిషాల్లోపు బయటికి వచ్చేయండి అని చెప్తుంది. మీకు నేను ఇంకా తగ్గించి 40 డిగ్రీలు, ఐదారు నిమిషాలు, నీళ్లు ఛాతీ కింద దాకానే అంటాను. దిగేముందు కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి చెంబులతో నీళ్లు పోస్కోండి, వాళ్ల పద్ధతి కూడా అదే, దాన్ని కకెయు అంటారు, ఒళ్లు వేడికి అలవాటు పడుతుంది. లేచేటప్పుడు ముందు గట్టు మీద ఒక నిమిషం కూర్చుని, పట్టుకుని లేవండి. ముందూ తర్వాతా ఒక్కో గ్లాసు మంచినీళ్లు తాగండి. మద్యం తాగి దిగడం ఎవరికైనా ప్రమాదమే, మీ అబ్బాయికి కూడా చెప్తున్నా.

షుగర్ మాత్రల విషయానికొద్దాం, ఇది ఎవరూ చెప్పరు. ర్యోకాన్‌లో రాత్రి భోజనం కైసెకి అని ఒక్కో గిన్నె ఒక్కో గిన్నె తెస్తూ గంట, గంటన్నర సాగుతుంది. ముందు చిన్న చిన్న కూరలు, చేప ముక్కలు, సూపు, ఉడికించినవి, కాల్చినవి వస్తాయి, అన్నం మాత్రం అన్నిటికంటే చివర్లో మిసో సూపు, ఊరగాయ ముక్కలతో కలిపి వస్తుంది. మన ఇంట్లో లాగా మీరు భోజనానికి అరగంట ముందు గ్లిమెపిరైడ్ వేస్కుని వెళ్లి కూర్చున్నారనుకోండి, అన్నం వచ్చేసరికి రెండు గంటలు అవ్వొచ్చు, ఈలోపే షుగర్ పడిపోతుంది. అందుకని గదిలో వేస్కోవద్దు, బల్ల దగ్గరికి తీసుకెళ్లండి, గోహన్ అంటే అన్నం, అది మొదట్లోనే తెచ్చిపెట్టమని మీ అబ్బాయితో ముందే చెప్పించండి, అది ఎదురుగా కనపడ్డాక మాత్ర వేస్కోండి. ఇన్సులిన్ తీసుకునే వాళ్లకి కూడా ఇదే మాట, పైగా సూది పొడిచాక వెంటనే వేడి నీళ్లల్లో దిగితే రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ తొందరగా ఒంటికి ఎక్కేస్తుంది.

రాత్రి భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు ఇంకోసారి దిగడం అక్కడ అలవాటు, మీరు ఆ స్నానం మానేయండి. ఎందుకంటే షుగర్ పడిపోయినప్పుడు వచ్చే చెమటలు, గుండె దడ, నీరసం అన్నీ వేడి నీళ్లల్లో కూర్చున్న ఎవరికైనా వస్తాయి, ఏది నీళ్ల వల్ల ఏది షుగర్ వల్ల అని మీకు తేడా తెలీదు, పక్కవాళ్లకీ తెలీదు. తెల్లారి పరగడుపున స్నానం కూడా వద్దు. మీకు బెస్ట్ టైమ్ సాయంత్రం 4, 5 గంటల మధ్య. మధ్యాహ్నం 3కి గది ఇస్తారు, వెళ్లగానే గదిలో గ్రీన్ టీ, చిన్న స్వీట్ పెట్టి ఉంటాయి, అవి మర్యాదకే కాదు, ప్రయాణం చేసొచ్చి ఖాళీ కడుపుతో వేడి నీళ్లల్లో దిగితే కళ్లు తిరుగుతాయని కూడా అని అక్కడి వాళ్లు చెప్తారు. మంచి ఆనవాయితీ. మీరు గ్లూకోమీటర్‌తో చూస్కుని 100 కంటే తక్కువుంటే ఆ స్వీట్ తిని కాసేపాగి దిగండి, ఎక్కువుంటే టీ చాలు.

హకోనేనా కుసాట్సునా అంటే నా ఓటు హకోనేకే. కుసాట్సు చాలా పేరున్న ఊరు, 1876లో జపాన్ వచ్చిన ఎర్విన్ బాల్జ్ అనే జర్మన్ డాక్టర్ దాని గొప్పతనాన్ని బయటి ప్రపంచానికి చెప్పాడు. కానీ అక్కడి నీళ్లు బాగా ఆమ్లం, పీహెచ్ 2 దగ్గర, అంటే దాదాపు నిమ్మరసం అంత పులుపు. బుగ్గలో నీళ్లు 50 డిగ్రీలు దాటి ఉంటాయి, చెక్క పలకలతో కలియబెట్టి చల్లార్చడం అక్కడ ఒక వేడుక. కాళ్లకి పగుళ్లుంటే మంట, ఒళ్లు పొడిబారుతుంది, పైగా 1200 మీటర్ల ఎత్తు, మంచు. హకోనే యుమోటో టోక్యోలోని షింజుకు నుంచి ట్రైన్‌లో గంటన్నర లోపే, అక్కడ చాలా చోట్ల నీళ్లు మెత్తటివి, చర్మాన్ని గుచ్చవు. హకోనేలోనే ఓవాకుదాని అని గంధకం పొగలు ఎగజిమ్మే లోయ ఉంది, నల్ల గుడ్లు అమ్ముతారు, ఒకటి తింటే ఏడేళ్లు ఆయుష్షు పెరుగుతుందని వాళ్ల నమ్మకం. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆస్తమా ఉంటే, పేస్‌మేకర్ ఉంటే అక్కడికి మాత్రం వెళ్లొద్దు.

మోకాళ్ల నొప్పులు పోతాయా అంటే, పోవు. తగ్గుతాయి, కొన్నాళ్లు. వేడికి కండరాలు సడలుతాయి, నీళ్లల్లో ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు, అందుకే హాయిగా ఉంటుంది, అరిగిన గుజ్జు తిరిగి రాదు. అసలు మీ మోకాళ్లకి కష్టం నీళ్లల్లో కాదు, గదిలో. ర్యోకాన్‌లో చాప నేల మీదే కూర్చోవాలి, నేల మీదే ఫుటాన్ పరుపు వేస్తారు, స్నానాల గదిలో కూడా జానెడు ఎత్తు పీట మీద కూర్చుని ఒళ్లు కడుక్కోవాలి. బుక్ చేసేటప్పుడే మంచాలున్న గది, భోజనానికి కుర్చీ బల్ల, స్నానానికి ఎత్తు పీట అడగమనండి, ఇప్పుడు చాలా సత్రాల్లో ఉంటున్నాయి. వాళ్లు ఇచ్చే చెక్క చెప్పులు వేసుకుని బయట తిరగొద్దు, మీకు అసలే చెప్పు జారితే తెలీదు, మీ సొంత బూట్లే వేస్కోండి. గదిలో వేస్కోవడానికి ఇచ్చే యుకాటా అనే పల్చటి నూలు అంగీ పాదాల దాకా జీరాడితే పొట్టిది అడగండి.

ఆ స్నానాలు ఒంటి మీద నూలుపోగు లేకుండా చేస్తారని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఆడవాళ్లకి వేరు మగవాళ్లకి వేరు. సిగ్గు గురించి మీరు రాయలేదు గానీ నేనే చెప్తున్నా, మీ ఇద్దరే వాడుకునేలా కషికిరి అని గంట లోపు టైమ్‌కి అద్దెకిచ్చే స్నానాల గదులుంటాయి, లేదా గదికే తొట్టి ఉన్నది తీసుకోమనండి, ఖర్చు ఎక్కువే అయినా మీ విషయంలో అది అవసరం. మీ వారు పక్కనే ఉంటారు, చాలా వాటిల్లో చన్నీళ్లు కలుపుకోవచ్చు. ఎప్పుడైనా మీరు స్పృహ తప్పితే ఆయన చేయాల్సింది ఇదీ, ముందు మీ ముఖం నీళ్ల పైకి ఎత్తి పట్టుకోవాలి, నీళ్లు పోయేలా తొట్టి అడుగున ఉన్న బిరడా లాగేయాలి, గట్టిగా కేకేయాలి. అంబులెన్స్‌కి అక్కడ 119.

భోజనంలో సోయా సాస్, సూపు, ఊరగాయల్లో ఉప్పు దండిగా ఉంటుంది, రెండు రోజులే కాబట్టి సూపు సగం వదిలేస్తే చాలు. మీ వారు శాకాహారి అయితే కూరల్లో కూడా చేప నీళ్లు పోస్తారని ముందే తెలుసుకోవాలి.

మందుల సంగతి ముఖ్యం. జపాన్‌లోకి మనం వాడుకునే మందులు ఒక నెలకి సరిపడా అయితే ఊరికే తీసుకెళ్లొచ్చు, మీరు రెండు నెలలుంటున్నారు కాబట్టి బయల్దేరే ముందే యున్యు కకునిన్ షో అనే, మందులు వెంట తెచ్చుకోవడానికి ఇచ్చే పత్రానికి దరఖాస్తు చేయాలి, అబ్బాయికి చెప్పండి. డాక్టర్ చీటీ పెట్టుకోండి. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ అనే మందు 10 శాతం మించిన జలుబు మందులు అక్కడ నిషేధం, ఏవి పడితే అవి బ్యాగ్‌లో వేయొద్దు.

వెళ్లేలోపు మీ డాక్టర్ దగ్గర మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీ చేయించుకుని, పాదాల స్పర్శ పరీక్ష కచ్చితంగా చేయించుకోండి, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి బీపీ చూడమనండి. నిలబడితే బాగా పడిపోతుంటే, పాదం మీద పుండు ఉంటే, నడిస్తే ఆయాసం, కాళ్ల వాపు ఉంటే మాత్రం ఈసారికి నీళ్లు మానేసి గదిలోంచి కొండలు చూస్కుంటూ కూర్చోండి. సత్రంలో ఉన్న రెండు రోజులూ స్నానం అవ్వగానే వేళ్ల సందులు తుడుచుకుని అరికాళ్లు మీ వారి చేత చూపించుకోండి.

మెట్టెలు తీసేయండమ్మా. గంధకం ఉన్న నీళ్లల్లో వెండి నల్లబడిపోతుంది, అదొకటి. స్పర్శ లేని వేళ్లు వేడికి ఉబ్బితే మెట్టె బిగుసుకున్నది మీకు తెలీదు, నాకు ఆ భయమే ఎక్కువ. తాళి ఉంచుకోవచ్చు, ఆరోగ్యానికి ఏ ఇబ్బందీ లేదు, బంగారంలో కలిపిన రాగి, వెండి వల్ల రంగు మారుతుందని అనిపిస్తే పసుపుతాడుకి మార్చుకుని వెళ్లండి.