టీసీ లేదని సర్కారు బడి కాదనకూడదు

ప్రశ్న: మాది శాయంపేట మండలంలో ఒక ఊరు. మా బాబు హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి, పాప అదే బడిలో ఎనిమిదో తరగతి పూర్తిచేశారు. పత్తి డబ్బులు సమయానికి రాక ఇద్దరిదీ కలిపి 18,000 రూపాయల ఫీజు బాకీ పడ్డాం. ఇక మా వల్ల కాదని బాబును ఊళ్లోని ప్రైమరీ బడిలో, పాపను పక్క ఊరి జెడ్పీ హైస్కూల్లో చేర్పిద్దామనుకున్నాం. బాకీతో పాటు వచ్చే ఏడాది ఫీజు కూడా కడితేనే టీసీ ఇస్తారట. లేదంటే ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టమంటున్నారు. మా ఊరి బడిలో 57 మంది పిల్లలకు ఇద్దరే టీచర్లు. అక్కడ వేస్తే పిల్లాడి చదువు ఆగమైతదని మా అత్తమ్మ గొడవ. ప్రైవేటులోనే ఉచిత సీటు దొరికే దారి ఉందా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: అమ్మా, ముందు ఆ ప్రోనోటు మీద సంతకం పెట్టకండి. సంతకం మీదైతే చాలు, అందులో రేపు ఏ అంకె రాసుకున్నా అది మీకు తెలియకుండా రాశారని కోర్టులో నిరూపించే బరువు మీ మీదే పడుతుంది. ఖాళీ చెక్కు అడిగితే అది కూడా ఇవ్వొద్దు. చెక్కు బౌన్స్ అయితే క్రిమినల్ కేసు.

బాకీ మాత్రం బాకీయే. పిల్లలు చదివిన ఏడాదికి కట్టాల్సిందే, అందులో నేను మీ పక్షాన చెప్పేదేమీ లేదు. ఏ నెల ఎంత కడతారో తేదీలతో కాగితం రాసివ్వండి, కాపీ మీద వాళ్ల ముద్ర వేయించుకోండి. వచ్చే ఏడాది ఫీజు సంగతి వేరు. పిల్లలు కూర్చోని తరగతికి ఏ లెక్కన అడుగుతున్నారో కాగితం మీద రాసివ్వమనండి. ఇలాంటి డిమాండ్లు నోటితో వచ్చినంత సులువుగా కాగితం మీదికి రావు.

బాబు విషయంలో చట్టం సూటిగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఏ కారణంతో బడి మారినా పాత బడి హెడ్మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి. ఇవ్వకపోయినా, టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి పిల్లాడిని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు. అంటే మీ ఊరి బడిలో బాబును రేపే కూర్చోబెట్టవచ్చు. జనన ధ్రువపత్రం, ఆధార్, పాత బడి ప్రోగ్రెస్ కార్డు పట్టుకెళ్లండి. బడి పిల్లల వివరాలుండే యూడైస్ ఆన్‌లైన్ రికార్డులో పేరు పాత బడి నుంచి విడుదల కావాలి. దానికోసం కొత్త బడి హెడ్మాస్టర్ చేత ఎంఈఓకు (మండల విద్యాధికారికి) రాయించండి. అది ఆఫీసుల మధ్య తేల్చుకోవాల్సిన పని, దానికోసం పిల్లాడిని ఇంట్లో ఉంచనక్కర్లేదు. టీసీ చేతికొచ్చిన రోజే బోనఫైడ్ (అక్కడ చదివినట్టు ఇచ్చే ధ్రువపత్రం) కూడా అడిగి తీసుకోండి. పెద్దయ్యాక స్థానికత రుజువు చేసుకోవడానికి ఆ కాగితాలే అడుగుతారు.

పాప దగ్గరే చిక్కు. ఈ చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది, తొమ్మిదికి 5వ సెక్షన్ చూపించలేం. ఫీజు వసూలుకు టీసీని ఆయుధంగా వాడకూడదని 2024లో మద్రాసు హైకోర్టు చెప్పింది. మనకు అది కట్టుబడే తీర్పు కాదు కానీ, అర్జీలో రాయడానికి పనికొస్తుంది. డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) అర్జీ పెట్టండి, కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. ఈలోపు చేతిలో కొంచెం డబ్బు ఉంటే పాప వాటా బాకీ ముందు కట్టి, ఆమె టీసీ విడిపించుకోవడమే తెలివైన పని. హైకోర్టులో రిట్ దారి ఉంది కానీ, ముందే అక్కడిదాకా వెళ్లమని నేను చెప్పను.

ఉచిత సీటు గురించి ఒక్క మాటే. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకివ్వాలని చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. తెలంగాణలో అది ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు. పైగా అది ఒకటో తరగతిలో గానీ, బడిలో నర్సరీ ఉంటే అక్కడ గానీ చేరేవాళ్లకే. మూడోకి వెళ్లే మీ బాబుకు రాదు.

ఇక అత్తమ్మ గారి భయం. అది ఉత్త భయం కాదు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు ఎలా చెబుతారు? ఒకరు సెలవు పెడితే మిగిలిన ఆ ఒక్కరే హెడ్మాస్టరు, ఆ ఒక్కరే మధ్యాహ్న భోజనం లెక్క రాసేది. తప్పు ఆ టీచర్లది కాదు, లెక్కది. చట్టం షెడ్యూలు ప్రైమరీ టీచర్లను పిల్లల తలల లెక్కన ఇస్తుంది, తరగతుల లెక్కన కాదు. 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. టీచర్లు లేరని ఊళ్లోవాళ్లు పిల్లలను ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కిస్తారు, పిల్లలు తగ్గారని పోస్టు పోతుంది, పోస్టు పోయిందని ఇంకొందరు ఎక్కిస్తారు. సర్కారు బడికి పట్టిన అసలు జబ్బు ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఈ లెక్క మీకు ఇటు కూడా పనిచేస్తుంది. మీ ఊళ్లో 57 మంది ఉన్నారు. మీ బాబుతో 58. మీలాగే బాకీల్లో ఉన్న ఇంకో ముగ్గురు తల్లులు కలిస్తే 61. జూన్‌లో బడిబాటకు టీచర్లు ఇంటింటికీ వస్తారు కదా, వాళ్లతో కలిసి ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లండి. మూడో టీచరు తెల్లారేసరికి వచ్చేస్తారని చెప్పను. కానీ 61 పేర్లు రిజిస్టరులో ఉంటే మీ అర్జీ దయ కోసం రాసింది కాదు, షెడ్యూలు చూపించి రాసింది. అదే చట్టం 32వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఇచ్చే ఫిర్యాదుపై మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి, తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. మీరూ అందులో ఉండండి. ఇంగ్లిష్ మీడియం కోసమే ప్రైవేటులో వేసి ఉంటే, 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఉంది, పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు.

మీరు అడగలేదు గానీ, ఒకటి చెప్పాలి. మామునూరు నవోదయలో ఆరో తరగతి సీట్లలో 75 శాతం గ్రామీణ పిల్లలకు. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదవాలి. మధ్యలో ఒక్క రోజు పట్నం బడిలో ఉన్నా పట్నం పిల్లాడి కిందే లెక్క. మీ బాబు రెండో తరగతి ఇప్పుడే పూర్తిచేశాడు. మూడో తరగతి మొదటి రోజు నుంచే ఊరి బడిలో ఉంటే ఆ తలుపు తెరిచి ఉంటుంది. కాబట్టి టీసీ కోసం ఎదురుచూస్తూ, మొహమాటానికి పాత బడికి నాలుగు రోజులు పంపకండి.

అర్జీలు రాసివ్వడానికి వకీలుకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు. ఫీజు రసీదులు, ఆ ప్రోనోటు ఫొటో తీసి ఉంటే అదీ పట్టుకెళ్లండి.