ఉన్న ఒక్క ఇల్లూ తనఖా పెట్టి అమ్మాయిని విదేశాల్లో సోషల్ వర్క్ చదివించొచ్చా?

ప్రశ్న: మాది జనగామ. కిరాణా కొట్టు నడుపుతాను. ఖర్చులు పోను నెలకు 30 వేల దాకా మిగులుతుంది. మా పెద్దమ్మాయి ఈ ఏడాదే బీఏ 71 శాతంతో పూర్తి చేసింది. పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థకు జీతం లేకుండానే వెళ్లి సాయం చేస్తుంటుంది. సోషల్ వర్క్ చదువు విదేశాల్లో చేస్తానంటోంది. కన్సల్టెన్సీ ద్వారా రెండు ఆఫర్ లెటర్లు వచ్చాయి. ఒకటి బ్రిటన్‌లో అంతర్జాతీయ సామాజిక సంక్షేమంపై ఏడాది ఎంఏ, ఫీజు 22 వేల పౌండ్లు. రెండోది ఆస్ట్రేలియాలో రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ), ఏడాదికి 38 వేల ఆస్ట్రేలియా డాలర్లు. బ్రిటన్‌దైతే ఏడాదిలో అయిపోతుంది, పార్ట్‌టైమ్ చేసుకుంటే ఖర్చులు వెళ్లిపోతాయి అని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. మాకు 60 లక్షలు పలికే సొంత ఇల్లుంది, 5 లక్షల చిట్టీ చేతికొస్తుంది. బీసీలం. బాబు ఇంటర్ చదువుతున్నాడు. ఇల్లు తనఖా పెట్టి లోన్ తీసుకోమంటారా? పదిహేను రోజుల్లో డిపాజిట్ కట్టాలట.

జవాబు: డిపాజిట్ ఇప్పుడే కట్టకండి. మీ అమ్మాయి ఎంచుకున్న చదువు మంచిది, ఆమె వెళ్లాలనుకోవడమూ తప్పు కాదు. కానీ చేతిలో ఉన్న ఈ రెండు ఆఫర్లలో దేనికోసమూ ఇల్లు బ్యాంకులో పెట్టొద్దని నా సలహా. ఎందుకో లెక్కలతో చెబుతాను.

ముందు బ్రిటన్ సంగతి. ఇంగ్లండ్‌లో ‘సోషల్ వర్కర్’ అన్న హోదా చట్టం రక్షణలో ఉంది. సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ అయినవాళ్లే ఆ పేరుతో పనిచేయాలి. రిజిస్ట్రేషన్ రావాలంటే ఆ సంస్థ ఆమోదించిన కోర్సు చదవాలి. ఆమోదం ఉన్న ఎంఏ సాధారణంగా రెండేళ్లు ఉంటుంది, అందులో నెలల తరబడి ఫీల్డ్ ప్లేస్‌మెంట్, అంటే సంస్థల్లో పర్యవేక్షణ కింద పనిచేసే శిక్షణ, ఉంటుంది. మీకు వచ్చిన ఏడాది కోర్సు పేరులో సామాజిక సంక్షేమం ఉన్నా, అది విధానాలు, అభివృద్ధి, దేశాల మధ్య పోలికలు నేర్పే చదువు. స్వచ్ఛంద సంస్థల్లో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు అది బాగా పనికొస్తుంది. నిన్న మొన్న బీఏ అయిన అమ్మాయికి ఆ డిగ్రీతో అక్కడి కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వంలో) సోషల్ వర్కర్ ఉద్యోగం రాదు. ఆఫర్ లెటర్ ఇచ్చిన యూనివర్సిటీకి మెయిల్ పెట్టి “ఈ కోర్సుతో సోషల్ వర్క్ ఇంగ్లండ్ రిజిస్ట్రేషన్‌కు అర్హత వస్తుందా?” అని అడగమనండి. జవాబు రాతలో తీసుకోండి. కన్సల్టెన్సీ మాట సరిపోదు, చాలామందికి యూనివర్సిటీల నుంచి కమీషన్ వస్తుంది.

ఇక డబ్బు. పౌండు అటూ ఇటూగా 120 రూపాయలు అనుకుంటే ఫీజే 26 లక్షలు దాటుతుంది. లండన్ బయట ఏడాది బతకడానికి 16, 17 లక్షలు, వీసాకు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌ఛార్జికి, విమానానికి ఇంకో రెండు లక్షల పైన. మొత్తం 45 లక్షలు. చిట్టీ పోను 40 లక్షల లోన్. పదిన్నర శాతం వడ్డీ అనుకోండి. కోర్సు ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది మారటోరియం. ఆ రెండేళ్లూ ఈఎంఐ ఉండదు గానీ వడ్డీ మాత్రం ఆగదు. మొత్తం సొమ్ము మొదట్లోనే విడుదలైతే 8 లక్షలకు పైగా చేరి అప్పు 48 లక్షలవుతుంది. పన్నెండేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 59 వేలు. కొట్టు మీద మీకు మిగిలేది 30 వేలు. అమ్మాయికి అక్కడ తగిన ఉద్యోగం దొరక్కపోతే మొదటి నెల నుంచే ఇంటికి గండం. పైగా బ్రిటన్‌లో చదువయ్యాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువును, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. కొత్తవాళ్లు నిలదొక్కుకోవడానికి అది చాలా తక్కువ సమయం.

ఆస్ట్రేలియా కోర్సు వృత్తికి పనికొచ్చేదే. అయితే ఏఏఎస్‌డబ్ల్యూ, అంటే అక్కడి సోషల్ వర్కర్ల సంఘం, గుర్తింపు ఆ కోర్సుకు ఉందో లేదో ఆ సంఘం జాబితాలో చూసుకోండి. ఆసుపత్రులు, పిల్లల సంరక్షణ విభాగాలు ఉద్యోగ ప్రకటనల్లో అడిగేది ఆ సంఘంలో సభ్యత్వానికి అర్హతనే. చదువయ్యాక జీతం ఏడాదికి 70, 80 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది. బాగుంటుంది. కానీ అక్కడిదాకా చేరాలి కదా.

కన్సల్టెన్సీలు చెప్పని సంగతి ఇక్కడే ఉంది. గుర్తింపు ఉన్న ఎంఎస్‌డబ్ల్యూలో 1,000 గంటల ఫీల్డ్ ప్లేస్‌మెంట్ తప్పనిసరి, సాధారణంగా జీతం ఉండదు. రెండు విడతలుగా, 500 గంటల చొప్పున చేయిస్తారనుకుందాం. వారానికి 35 గంటలు వెళ్లినా ఒక్కో విడతకు 14 వారాలు పడుతుంది. పొద్దున ఏ ఆసుపత్రి వార్డులోనో, గృహహింస బాధితుల కేంద్రంలోనో ఉండి, సాయంత్రం కేసు నోట్సు రాసుకుని, మళ్లీ రాత్రి సూపర్ మార్కెట్‌లో నిలబడటం ఎంతకాలం సాధ్యం? విద్యార్థి వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో పక్షానికి 48 గంటలు పని చేయొచ్చు, తప్పనిసరి ప్లేస్‌మెంట్ ఆ లెక్కలోకి రాదు. చట్టం అడ్డు కాదు, ఒంట్లో ఓపికే అడ్డు. మామూలు రోజుల్లో వారానికి 500 డాలర్లు తెచ్చుకునే అమ్మాయి ఆ 28 వారాలు పని మానేస్తే 14 వేల డాలర్లు తగ్గినట్టు. డాలరు 60 రూపాయలుగా చూస్తే 8 లక్షల 40 వేలు. ఈ భారం అక్కడి పిల్లలకూ ఉందని గుర్తించి ఆస్ట్రేలియా ప్రభుత్వం 2025 జులై నుంచి సోషల్ వర్క్, నర్సింగ్, టీచింగ్ విద్యార్థులకు ప్లేస్‌మెంట్ కాలంలో వారంవారం భత్యం ఇస్తోంది. విదేశీ విద్యార్థులకు అది రాదు.

ఫీజు రెండేళ్లకు 45 లక్షల 60 వేలు. వీసా కోసం ఆ ప్రభుత్వం చూపించమనే జీవన వ్యయం ఏడాదికి 29,710 డాలర్లు, రెండేళ్లకు 35 లక్షలు దాటుతుంది. టికెట్, ఇన్సూరెన్సు, వీసా ఫీజు కలిపితే 85 లక్షల బడ్జెట్ ఇది. పార్ట్‌టైమ్ సంపాదనతో సగం జీవన ఖర్చు వెళ్లినా మిగతాది మీ ఇంటి విలువను దాటుతోంది. బ్యాంకు ఇంటి విలువంతా లోన్‌గా ఇవ్వదు. మిగిలినదానికి ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ దగ్గరకు వెళ్లాల్సి వస్తుంది. తమ్ముడి ఇంజినీరింగ్‌కు ఇంకేం మిగులుతుంది?

మీకు ఒక అవకాశం ఉంది. తెలంగాణలో బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. సోషల్ సైన్సెస్ కోర్సులూ దానిలోకి వస్తాయి. మీ అమ్మాయి దరఖాస్తు చేసి తీరాలి. కానీ ఎంపిక ఖాయం కాదు. ఎంపికైనా డబ్బు రెండు విడతల్లో వస్తుంది: అక్కడ దిగిన కాగితాలు పెట్టాక సగం, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక మిగతాది. అంటే మొదటి ఫీజు, విమానం, తొలి నెలల అద్దె మీ జేబులోంచే. ఆలస్యమైతే తట్టుకునే డబ్బూ దగ్గరుండాలి. ఆ 20 లక్షలు వస్తాయన్న ధైర్యంతో ముందే ఇల్లు రాసివ్వకండి.

నేనైతే ఏం చేయమంటానంటే, ఎంఎస్‌డబ్ల్యూ ఇక్కడే చేయించండి. ఈ దేశంలో ఈ చదువుకు తొలి విద్యాసంస్థ, 1936లో మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, ముంబయిలోనే ఉంది. మన దగ్గర ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీలున్నాయి. అక్కడి ఫీజులు మీ కొట్టు ఆదాయంతోనే కట్టగలరు. మన ఎంఎస్‌డబ్ల్యూల్లో కూడా వారానికి రెండు రోజుల ఫీల్డ్ వర్క్ మామూలే. ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో చేసిందో మొదటి వారం నుంచే రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకోవాలి. చాలామంది పిల్లలు ఈ ఫైలు పారేసుకుంటారు, తర్వాత విదేశీ సంస్థలు మొట్టమొదట అడిగేది దాన్నే. సోషల్ వర్క్ ఇంగ్లండ్ మన దేశంలో చదివినవాళ్ల దరఖాస్తులనూ పరిశీలిస్తుంది, అర్హులైతే రిజిస్ట్రేషన్ ఇస్తుంది. ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండు మూడేళ్లు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనో, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలోనో, పెద్దాసుపత్రిలోనో పనిచేస్తే, 40 లక్షల అప్పు లేకుండా అదే తలుపు తట్టొచ్చు. జీతం మొదట్లో 20, 25 వేలే ఉంటుంది, నిజమే. కానీ మీ ఇల్లు మీదే.

ఆ అనుభవంతో స్కాలర్‌షిప్పుల దారీ తెరుచుకుంటుంది. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం కావాలి, ఫీజు, ఖర్చులు వాళ్లే భరిస్తారు, చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. ఇప్పుడు మీరు 45 లక్షలు పెట్టాలనుకుంటున్న ఏడాది కోర్సు లాంటివాటికి అది సరిగ్గా సరిపోతుంది. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు చేతికిస్తారు. కుటుంబాలు, పిల్లలతో సోషల్ వర్క్ మీద లిస్బన్, గోథెన్‌బర్గ్, స్టావాంజర్, ఉగాండాలోని మకరేరే యూనివర్సిటీలు కలిసి నడిపే ఎంఫ్యామిలీ అనే మాస్టర్స్ కోర్సు ఆ వరసలోదే. మీ అమ్మాయి ఆసక్తి చూస్తుంటే ఆమె కోసమే పెట్టారా అనిపించింది నాకు. ఏ ఏడాది ఎన్ని స్కాలర్‌షిప్పులున్నాయో చూసుకుని దరఖాస్తు చేయాలి.

చిట్టీ 5 లక్షల్లో రెండు లక్షలు ఎఫ్‌డీలో వేసి ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష), దరఖాస్తు ఫీజులు, ఆమె చదువు ఖర్చులకు ఉంచండి. మూడు లక్షలు బాబు ఇంజినీరింగ్ పేరున పక్కన పెట్టండి. లోన్ తీసుకునే రోజు ఎప్పుడైనా వస్తే, ఫీజును ఆ లోన్ సొమ్ముతోనే నేరుగా పంపించండి, బ్యాంకు విద్యా రుణంతో పంపే డబ్బుకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) పడదు.

ఈ వారంలో ఆస్ట్రేలియా యూనివర్సిటీకి ఒక మెయిల్ వెళ్లాలి, సీటును వచ్చే ఏడాది ఇన్‌టేక్‌కు వాయిదా వేయగలరా అని. ఒప్పుకుంటే ఈలోగా విద్యానిధి ఫలితం తేలుతుంది. అప్పుడు అంకెలన్నీ పట్టుకుని మళ్లీ రాయండి, కలిసి లెక్క వేద్దాం. డిపాజిట్ కట్టకపోతే సీటు పోతుందని కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే, కట్టాక వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో రాసిమ్మని అడగండి.