తొమ్మిదో పేజీలో ఆగింది, తప్పు నాలుగో పేజీలో ఉంది

రాసేవాళ్ల సందేహాలకు జవాబులిచ్చే ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు: చెయ్యి ఆడటం లేదు. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. సంధుల గురించీ పత్రికల చిరునామాల గురించీ అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం, ఆరేళ్లలో ఇరవై దాకా కథలు రాశాను. ఒక కథకు పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అప్పటి నుంచి ఒక్క కథా పూర్తి కాలేదు. మొదటి పేరా రాస్తాను, చదువుకుంటాను, కొట్టేస్తాను. పద్నాలుగు నెలలుగా ఇదే వరస. నాలో ఉన్న సరుకు అయిపోయిందా?

జవాబు: మీ ఉత్తరం పూర్తిగా వేయడానికి ఇక్కడ చోటు లేదు. ఐదు పేజీలుంది మరి. అందులో బహుమతి తీసుకోవడానికి వేదిక ఎక్కుతుంటే చెప్పు తెగిన సంగతి రాశారు. తెగిన చెప్పును కాలివేళ్లతో బిగబట్టుకుని మైకు దాకా ఎలా నడిచారో, ఫొటోలో ముఖం అలా ఎందుకు వచ్చిందో చెప్పారు. నవ్వుకుంటూ రెండుసార్లు చదివాను. సరుకు అయిపోయిన మనిషి రాత అలా ఉండదండీ.

మరి ఆ వాక్యాలను ఎందుకు కొట్టేయలేదు? నాకు రాశారు కాబట్టి. కథ మొదలెట్టినప్పుడు మాత్రం మీ ఎదురుగా ఆ పోటీ న్యాయనిర్ణేతలు వచ్చి కూర్చుంటున్నారు. ఒక పేరా అవ్వగానే మార్కులు వేయమని మీరే కాగితం వాళ్ల చేతికిస్తున్నారు. నిజానికి వాళ్లు మీ పాత కథను ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. (నేనూ ఒకసారి న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. అరవై కథలు చదివాక నాకు మిగిలినవి నడుంనొప్పి, ఏదో కథలోని ఒక మేక.)

తర్వాతి కథను ఉత్తరంగా రాయండి. పైన ఒక మనిషి పేరు పెట్టి మొదలుపెట్టండి. ఆ మనిషి ముందు మీకు బెరుకు ఉండకూడదు, అంతే. పూర్తయ్యాక పేరు తీసేస్తే సరి. ఎత్తుగడ, అంటే కథ మొదలు, బాగుందా లేదా అన్నది అప్పుడు చూసుకోవచ్చు. చాలాసార్లు అసలు ఎత్తుగడ మూడో పేజీలో ఎక్కడో ఉంటుంది. అంతకు ముందు రాసిందంతా గొంతు సవరించుకోవడమే.

ఇంకొక మాట. ఫోన్‌లో కొట్టేయడం మరీ తేలిక. వేలు నొక్కి పట్టుకుంటే పేరా మాయం. కొన్నాళ్లు పెన్నుతో రాసి చూడండి. కొట్టేసిన వాక్యం గీత కింద కనబడుతూనే ఉంటుంది. రెండు రోజులు పోయాక చూస్తే అంత చెడ్డగా ఏమీ అనిపించదు.

ప్రశ్న: పదహారు పేజీలు వచ్చాక కథ ఆగిపోయింది. ముగింపు మనసులో స్పష్టంగా ఉంది, అయినా తర్వాతి వాక్యం రావడం లేదు. రోజూ మొదటి నుంచి చదువుతూ దిద్దుతున్నాను. రైటర్స్ బ్లాక్ అంటే ఇదేనా? దీనికి మందు ఉందా?

జవాబు: ఇదే. ఆ పేరు 1947లో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మానసిక విశ్లేషకుడు పెట్టాడంటారు. దాని మూలాలు పసితనంలో ఉంటాయని ఆయన నమ్మకం. పదహారో పేజీలో ఇరుక్కున్నవాళ్లకు ఆ సంగతి తెలిసి ఒరిగేదేమీ లేదు. నాకు నచ్చినవాడు డెనిస్ అప్పర్. తన బ్లాక్‌కు తానే వైద్యం చేసుకుని విఫలమయ్యానంటూ ఈ మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఒక పరిశోధనా పత్రికలో వ్యాసం ప్రచురించాడు. శీర్షిక ఉంది, పేరు ఉంది, కింద తెల్లకాగితం. ఇంత క్లుప్తమైన రచన తానెన్నడూ చూడలేదని సమీక్షకుడు మెచ్చుకున్న మాటనూ దాని అడుగునే అచ్చువేశారు.

మందు సంగతి అడిగారు కాబట్టి నా అనుభవం చెబుతాను. అన్నదమ్ముల కథ ఒకటి రాస్తున్నాను. తండ్రి పోయాడు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అన్న తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తొమ్మిదో పేజీ. పాపం, ఏడు నెలలు అక్కడే నిలబడ్డాడు. నేను రోజూ ఫైలు తెరవడం, మొదటి ఎనిమిది పేజీలు దువ్వడం, మూసేయడం. తలుపు రంగు మూడుసార్లు మార్చాను: నీలం, ఆకుపచ్చ, గోధుమ, మళ్లీ నీలం. చివరికి విసుగొచ్చి ఒక స్నేహితురాలికి చదివి వినిపించాను. ఆమె కథలు రాయదు, లెక్కలు చెబుతుంది. తొమ్మిదో పేజీ గురించి ఏమీ అనలేదు. "వాడు అంత తొందరగా క్షమాపణ ఎందుకు చెప్పాడు?" అంది. అది నాలుగో పేజీ.

ఎందుకు చెప్పాడంటే, అన్న చెడ్డవాడనిపించుకోవడం నాకు ఇష్టం లేక నేనే చెప్పించాను. క్షమాపణ అయిపోయింది, తమ్ముడు కరిగిపోయాడు. ఇక గుమ్మంలో జరగడానికి ఏముంది? తాళం వేసి ఎవరి దారిన వాళ్లు పోవడమే. నాలుగో పేజీ సగం నుంచి తీసేశాను. దానితో పాటు నాకు ప్రాణమైన వాన వర్ణన ఒకటి పోయింది. ఇప్పటికీ కాస్త బాధే. కానీ మూడు రాత్రుల్లో కథ పూర్తయింది. ఆఖరికి తాళంచెవి అన్న చేతిలో లేదు. ఆ ముగింపు అంతకు ముందు నాకే తెలియదు.

అందుకే, ముగింపు స్పష్టంగా ఉందని మీరన్న దగ్గరే నాకు అనుమానం. పాత్రలను మెడపట్టి అటువైపు తోస్తున్నారేమో చూడండి. పదహారో పేజీని వదిలేసి, మొదటి నుంచి పైకి చదవండి. చేతిలో పెన్ను వద్దు, ఉంటే దిద్దుతారు. ఎక్కడో ఒకచోట 'సరే సరే, ఇది అయిపోనీ' అన్నట్టు మీ గొంతు వేగం అందుకుంటుంది. అక్కడ ఒక పాత్ర తనంతట తాను చేయని పనేదో మీ మొహమాటానికి చేసి ఉంటుంది. ప్రతిసారీ ఇదే కారణమని చెప్పను. తెలియని సంగతి రాస్తున్నప్పుడూ కథ ఆగుతుంది. మీ పాత్ర నర్సు అనుకోండి, రాత్రి డ్యూటీలో ఆమె ఏం చేస్తుందో మీకు తెలియదు. కుర్చీలో కూర్చుని ఎంత ఆలోచించినా తెలియదు. వెళ్లి ఒక నర్సుతో గంట మాట్లాడాలి.

ప్రశ్న: మూడ్ ఉన్నా లేకపోయినా రోజూ రాయాల్సిందేనా?

జవాబు: పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ అలాగే రాశాడు. చాలా ఏళ్లు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, పొద్దున్నే గడియారం ముందు పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసి, జీవితంలో మొత్తం 47 నవలలు పూర్తి చేశాడు. నేనూ ఆ గడియారం పద్ధతి పన్నెండు రోజులు పాటించాను. పదమూడో రోజుకు నా పాత్రలన్నీ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాయి. నాకు ఏం రాయాలో తెలియనప్పుడు అవి చేసే పని అదే.

నాకు కుదిరింది అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పిన పద్ధతి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆ రోజుకు ఆపేయడం. నేను వాక్యం మధ్యలోనే ఆపుతాను. మర్నాడు కనీసం ఆ వాక్యం పూర్తి చేసే పని ఒకటి ఉంటుంది. మూడ్ కోసం అయితే నడవండి. 2014లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూస్తే, ట్రెడ్‌మిల్ మీద ఖాళీ గోడకేసి చూస్తూ నడిచినవాళ్లకు కూడా కూర్చున్నప్పటికంటే ఎక్కువ కొత్త ఆలోచనలు వచ్చాయి. ఒకే సరైన జవాబు ఉండే ప్రశ్నలకు మాత్రం నడక పనికిరాలేదు. కాబట్టి ప్రూఫులు దిద్దేటప్పుడు కూర్చోండి.

పేరు రాయని ఒక పాఠకుడికి: మీకు రాయాలనే కాదు, తినాలని, మనుషులతో మాట్లాడాలని కూడా అనిపించడం లేదని రాశారు. అదీ నెలకు పైగా. ఇది నా శీర్షికలో తేలే సంగతి కాదు. ఈ వారమే డాక్టరును కలవండి. కథ ఎక్కడికీ పోదు.

ప్రశ్న: ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. రాత్రి పదకొండుకు రాద్దామని కూర్చుంటే స్క్రీన్ ముందే కునుకు పడుతోంది. నాది కూడా బ్లాకేనా?

జవాబు: కాదమ్మా, నిద్ర. పడుకోండి. వారంలో ఒక గంట, వెలుగున్నప్పుడు, మీది అని ఇంట్లో గట్టిగా చెప్పండి. గట్టిగా అంటే బతిమాలకుండా. మిగతా రోజుల్లో చెవినపడిన ఒక్క మాట రాసి పెట్టుకుంటే చాలు. "అమ్మా, నువ్వు నిద్రలో టైప్ చేస్తున్నావు, అన్నీ ససస అని పడుతున్నాయి" అని మీ చిన్నది అన్నట్టు ఉత్తరం చివర రాశారు కదా, అలాంటివి. తేదీ వేయడం మర్చిపోకండి.