హైదరాబాద్‌లో చిన్న కుక్కలకు బయట ఏ ప్రమాదాలున్నాయి?

నార్సింగిలో ఇంటి వెనక ఖాళీ ప్లాటులో షిట్జూని (చిన్న జాతి కుక్క) వదలొచ్చా అని అడిగారు. దయచేసి వదలకండి. రాళ్లు, పొదలున్న చోట నాగుపాము, రక్తపింజర తిరుగుతాయి, వానాకాలంలో మరీ. కుక్క ముందు ముక్కే పెడుతుంది కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీదో, కాళ్ల మీదో పడుతుంది. ఒళ్లు చిన్నది, విషం త్వరగా ఎక్కుతుంది. కట్టు కట్టొద్దు, గాయం కోయొద్దు. నడిపించకుండా ఎత్తుకుని, యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కడుందో ఫోన్‌లో కనుక్కుంటూ వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

నాకు పాముల కన్నా పిడుదులంటేనే (గోమార్లు) టెన్షన్. వాటి వల్ల ఎర్లికియా, బబీసియా జ్వరాలొస్తాయి. రోజూ చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకండి. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే వెంటనే రక్తపరీక్ష చేయించండి.

ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం వాకింగ్ పొద్దున 7 లోపే.